ఇమామ్ గజాలీ (రహ్మలై): మనసు జబ్బుపడిన వేళ

హిజ్రీ శకం 488, రజబ్ మాసం. క్రీస్తు శకం ప్రకారం 1095 జులై. బాగ్దాద్ నగరంలోని నిజామియా మదర్సాలో విద్యార్థులు ఎప్పటిలాగే పాఠం కోసం వచ్చి కూర్చున్నారు. వారి గురువు వయసు అప్పటికి 37 ఏళ్లు. ఖలీఫా దర్బారులో ఆయనకు గౌరవం ఉంది. సుల్తాను మంత్రుల దగ్గర పలుకుబడి ఉంది. వాదనలో ఆయన ముందు నిలవగల పండితుడు ఆ నగరంలో అరుదు. అలాంటి మనిషి ఆ రోజు తన కోసం వచ్చినవారి మనసు నొప్పించకూడదని, ఎలాగైనా పాఠం చెప్పాలని ప్రయత్నించారు. నాలుక కదల్లేదు. ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

ఆయనే ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మలై). ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథకర్తగా, ‘కీమియాయె సఆదత్’ రచయితగా ఆయన పేరు మన ఇళ్లలో చాలామందికి తెలుసు. జుమా ప్రసంగాలలో తరచూ వింటుంటాం. కాని ఆయన జీవితంలోని ఈ ఘట్టాన్ని చెప్పేవారు తక్కువ. చెప్పినా త్వరత్వరగా దాటేస్తారు. అంత గొప్ప ఇమాముకు మనసు జబ్బుపడిందని చెప్పడం అగౌరవమని మనకు లోలోపల అనిపిస్తుంది కాబోలు. ఆయన మాత్రం అలా అనుకోలేదు. చివరి సంవత్సరాలలో రాసిన ‘అల్ మున్ఖిజ్ మినజ్జలాల్’ అనే గ్రంథంలో ఈ సంగతంతా స్వయంగా, దాపరికం లేకుండా రాసుకున్నారు.

ఇమామ్ గజాలీ హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. అది నేటి ఇరాన్ ఈశాన్య భాగంలో, మష్‌హద్ నగరానికి దగ్గరలో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడని చరిత్రకారులు రాశారు. తాను పెద్దగా చదువుకోలేదు గాని, ఉలమా కూర్చున్న చోటికి వెళ్లి వినడమంటే ఆయనకు ఎంతో ఇష్టం. అవసాన కాలంలో తన ఇద్దరు కొడుకులు ముహమ్మద్‌ను, అహ్మద్‌ను, ఉన్న కాస్త డబ్బునూ ఒక సూఫీ మిత్రుడికి అప్పగించి కన్నుమూశారు. కొంతకాలానికి డబ్బు అయిపోయింది. ఆ మిత్రుడు కూడా పేదవాడే. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి ఉన్నమాట చెప్పి, భోజన వసతి ఉన్న మదర్సాలో చేరమని సలహా ఇచ్చాడు. కడుపు నింపుకోవడానికి మొదలైన చదువు తర్వాత అల్లాహ్ కోసమైన చదువుగా మారిందని ఇమామ్ పెద్దయ్యాక తలచుకునేవారు.

చదువు విషయంలో ఆయన తన మెదడుకు విశ్రాంతి ఇచ్చినవారు కారు. జుర్జాన్ నుంచి తిరిగి వస్తుండగా దారిదోపిడీగాళ్లు ఆయన రాసుకున్న పాఠాల మూటను కూడా లాక్కున్నారట. అది మాత్రం ఇచ్చేయమని బతిమాలితే, కాగితాలు పోగానే పోయే చదువు కూడా ఒక చదువేనా అని వాళ్ల నాయకుడు నవ్వాడట. ఆ తర్వాత మూడేళ్లపాటు ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు. నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) వద్ద శిష్యరికం చేశారు. 1085లో గురువు మరణించాక సల్జూఖ్ ప్రధానమంత్రి నిజాముల్ ముల్క్ కొలువులో చేరారు. 1091లో బాగ్దాద్ నిజామియాకు ప్రధానాచార్యులయ్యారు. అప్పటికి వయసు 33 ఏళ్లు. 300 మంది విద్యార్థులు ఆయన దగ్గర పాఠాలు వినేవారు. ఆయన నగరంలోకి వచ్చిన రోజు ఒంటి మీది బట్టలకు, ఎక్కివచ్చిన వాహనానికి చూసినవారు 500 దీనార్లు వెలకట్టారట.

బాగ్దాద్‌లోని ఆ నాలుగేళ్లు ఆయన ఎంత పని చేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పగలు బోధన. మిగిలిన సమయంలో గురువు సాయం లేకుండా ఒంటరిగా తత్వశాస్త్రం చదవడం, దానికి జవాబుగా గ్రంథాలు రాయడం. ఈలోగా 1092 అక్టోబరులో ఆయనను ఆదరించిన నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొద్ది వారాలకే సుల్తాను మలిక్ షా కూడా మరణించాడు. రాజ్యం వారసుల మధ్య చీలిపోయింది. తత్వవేత్తల వాదాలను ఖండిస్తూ రాసిన ప్రసిద్ధ గ్రంథం 1095 జనవరిలో పూర్తయింది. ఆ ఏడాది జులైలోనే నాలుక ఆగిపోయింది.

ఆయన మనసు ఇబ్బంది పడటం అదే మొదలు కాదు. అంతకుముందు ఒకసారి కంటితో చూసినదాన్ని, బుద్ధికి తోచినదాన్ని కూడా నమ్మలేని సందేహం ఆయనను పట్టుకుంది. దాదాపు రెండు నెలలు దానితో బాధపడ్డారు. దాన్ని ఆయన తన పాండిత్యానికి గుర్తుగా చెప్పుకోలేదు. జబ్బు అనే అన్నారు. తర్కంతో అది నయం కాలేదనీ, అల్లాహ్ తన హృదయంలో వేసిన వెలుగుతోనే కుదుటపడిందనీ రాశారు.

రెండోసారి వచ్చింది వేరు. తాను పాఠం చెబుతున్నది అల్లాహ్ ప్రసన్నత కోసమా, పేరు కోసమా అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారు. పేరు కోసమేనని మనసు జవాబిచ్చింది. వదిలేసి వెళ్లాలని ఉదయం నిశ్చయించుకుంటే సాయంత్రానికి ఆ నిశ్చయం కరిగిపోయేది. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. ఇలా దాదాపు ఆరు నెలలు నలిగిపోయారు. ఇక అది ఆయన ఇష్టాయిష్టాల చేతిలో లేకుండాపోయింది. నాలుక కట్టుబడింది. మాట పోవడంతో గుండెలో దిగులు పేరుకుంది. దిగులుతో అరుగుదల పోయింది. గుటక దిగేది కాదు. ఒక్క ముద్ద తిన్నా అరిగేది కాదు. ఒంట్లో సత్తువ సన్నగిల్లింది.

వైద్యులు వచ్చారు. బాగ్దాద్‌లో అప్పటికి వైద్యానికి కొదవ లేదు. 982లో ప్రారంభమైన అజుదీ ఆస్పత్రి ఆ నగరంలోనే ఉంది. చూసిన వైద్యులు మందులిచ్చి లాభం లేదన్నారు. ఇది గుండెలో పుట్టి దేహతత్వానికి పాకిన బాధ అనీ, లోపలున్న ఆ దిగులు తీరనిదే చికిత్సకు దారి లేదనీ తేల్చారు. ఇప్పటికి 900 ఏళ్లు దాటిన మాట ఇది. కడుపులో అరుగుదల లేకపోవడానికి, గొంతు దిగకపోవడానికి కారణం మనసులో ఉండవచ్చని వారికి తెలుసు. రోగిని వారు నిందించలేదు. ఈమాన్ బలహీనపడిందని అనలేదు.

జనం మాత్రం ఊరుకోలేదు. దూరాన ఉన్నవారు పాలకులకు ఆయన మీద కోపం వచ్చిందన్నారు. ఆయనను వదులుకోవడం పాలకులకే ఇష్టం లేదని దగ్గరగా చూసినవారు మరో మాట చెప్పారు. ఇది ముస్లిం సమాజానికి, ఉలమాకు తగిలిన నజర్ అని తీర్మానించారు. ఈ సంగతి కూడా ఆయనే రాశారు. చదివినప్పుడు మన వీధి గుర్తుకొస్తుంది. ఇంట్లో అమ్మాయి నెల రోజులుగా నిద్ర లేక, తిండి లేక, పలకరిస్తే పలకక కూర్చుంటే మనం ముందు అనే మాట ఏమిటి? నజర్ తగిలిందనో, సాయా పడిందనో అంటాం. నజర్ ఉన్నదని హదీసులలో ఉంది, కాదనలేం. ఖుర్ఆన్ పఠించి దుఆ చేయడం మన ధర్మంలో ఉన్నదే. కాని ఇమాముకు వచ్చింది నజర్ అని ఊరంతా అంటున్నప్పుడు ఆయన ఇంటికి వైద్యులు వచ్చి చూశారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ విషయంలో ఆయన ఆలోచన ‘ఇహ్యా’లో స్పష్టంగా ఉంది. తవక్కుల్ గురించి రాస్తూ బాధను పోగొట్టే సాధనాలను మూడు రకాలుగా విడదీశారు. దాహానికి నీరు, ఆకలికి రొట్టె లాంటివి నిశ్చయమైనవి. వాటిని మానుకోవడం తవక్కుల్ కాదు, ప్రాణం పోయే పరిస్థితిలో మానుకోవడం హరామ్. రెండోది వైద్యుల చికిత్స. అది పనిచేస్తుందని బలంగా అనుకోవచ్చు. దాన్ని ఆశ్రయించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వాతలు పెట్టడం, మంత్రించడం వంటివాటిని ఆయన మూడో వరుసలో, అంటే ఊహ మీద ఆధారపడినవాటిలో చేర్చారు. మన ఇళ్లలో ఈ వరుస తలకిందులైంది. ముందు ఆమిల్ దగ్గరికి, తర్వాత తావీజు, ఆ తర్వాత ఏదో ఒక దర్గా. అన్నీ అయ్యి, డబ్బూ అయ్యి, రెండు మూడేళ్లు గడిచాక డాక్టరు దగ్గరికి వెళతాం.

తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగింది మనం మరిచిపోకూడదు. అక్కడి దర్గా పరిసరాల్లో మతి చలించినవారిని ఉంచే ప్రైవేటు నివాసాలు వెలిశాయి. అలాంటి ఒక పాకకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలి మనుషులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. వారిని అక్కడ దించివెళ్లింది శత్రువులు కాదు, సొంతవాళ్లే. నయమవుతుందన్న ఆశతోనే చాలామంది దించి ఉంటారు.

‘ఇహ్యా’లోని మరో మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వైద్యవిద్య ఫర్జె కిఫాయా అని, అంటే సమాజంలో ఎవరో ఒకరు నేర్చి తీరాల్సిన విధి అని ఇమామ్ రాశారు. తన కాలంలో ఎన్నో ఊళ్లలో ముస్లిం వైద్యుడే లేకపోయినా, అందరూ ఫిఖ్‌హ్ వాదనల వైపే పరుగెడుతున్నారని బాధపడ్డారు. ఖాజీ పదవులు, వక్ఫ్ పెత్తనాలు అటువైపు ఉన్నాయి కాబట్టే అలా పరుగెడుతున్నారని కాస్త ఘాటుగానే అన్నారు. మన పిల్లలలో డాక్టర్లు అవుతున్నవారు నేడు చాలామందే ఉన్నారు. వారిలో మనోవైద్యం ఎంచుకుంటానన్న అబ్బాయికి, అమ్మాయికి ఇంట్లో ఏమి జవాబు వస్తుందో తల్లిదండ్రులకే తెలుసు.

వస్వసా గురించి కూడా ఆయన రాశారు. బట్ట మీద, నేల మీద, నీళ్ల మీద అనుమానంతో గంటల తరబడి శుద్ధి చేసుకునేవారిని చూసి ఆయనకు నచ్చలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒక క్రైస్తవ స్త్రీ కూజాలోని నీటితో వుజూ చేసుకున్న సంఘటనను ఎత్తిచూపారు. ఫజర్ వుజూకు కూర్చుని సూర్యోదయం దాకా చేతులు కడుగుతూనే ఉండే పెద్దలు మన మధ్య లేరా? దాన్ని మనం అతి భక్తి అనుకుంటాం, లేదా విసుక్కుంటాం. మానలేక లోపల ఆ మనిషి పడే నరకం మనకు కనిపించదు. అది ఒక జబ్బు అని, మందులతో, శిక్షణతో అదుపులోకి వస్తుందని నేటి వైద్యులు చెబుతున్నారు.

పెద్దవారి సంగతి వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. ఇమాముకు జబ్బు వచ్చింది నడివయసులో. నగరంలో పేరున్న మనిషి కాబట్టి ఆయన మాట ఆగిపోతే నగరమంతా గమనించింది. మన ఇంటి మూలన మంచం మీద ఉన్న దాదీ మాట ఆగిపోతే గమనించేది ఎవరు? భర్త పోయాక ఆమె తినడం తగ్గించింది. రాత్రిళ్లు నిద్ర లేదు. ఒళ్లంతా నొప్పులంటుంది. పరీక్షలు చేయిస్తే ఏమీ లేదంటారు. వయసు మీద పడిందిలే, తస్బీహ్ పట్టుకుని కూర్చుంటే చాలులే అని మనం తీసిపారేస్తాం. వృద్ధుల్లో దిగులు జబ్బు తరచూ ఏడుపుగా కనిపించదు, ఒంటి నొప్పులుగా, ఆకలి లేకపోవడంగా కనిపిస్తుంది. ఒక్కోసారి మతిమరుపులా కూడా ఉంటుంది. మతిమరుపు జబ్బు వేరు. అందులో మొదట దగ్గరి సంగతులు మరుపుకొస్తాయి, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతారు, పెట్టిన చోటు గుర్తురాక డబ్బు కోడలే తీసిందంటారు. ఆ మాటకు కోడలు ఏడవడం, కొడుకు అరవడం, ఇల్లు రెండుగా చీలడం చాలా చోట్ల జరిగేదే. ఇక ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి మనిషి తికమకపడితే దాని వెనుక జ్వరమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉండవచ్చు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

హజ్రత్ యాఖూబ్ (అలై) వృత్తాంతం మనం ఎన్నిసార్లు విన్నాం! కొడుకు కోసం కుమిలి కుమిలి ఆయన కళ్లు తెల్లబారాయని దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. ఎప్పుడూ యూసుఫ్ ధ్యాసేనా, ఇలాగే ఉంటే మంచాన పడతావు, లేదా ప్రాణం పోగొట్టుకుంటావు అని ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు. ఆయన తన దుఃఖాన్ని అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఆయన దైవప్రవక్త. ఆయన ఈమాన్‌ను శంకించే సాహసం ఎవరికుంది? దుఃఖం ఆ ముసలి తండ్రి కళ్లను తినేసిందని చెప్పిన అల్లాహ్, ఆ దుఃఖానికి ఆయనను మందలించలేదు.

మళ్లీ బాగ్దాద్‌కు వద్దాం. తన శక్తి అంతా పోయిందని తెలుసుకుని ఇమామ్ అల్లాహ్ ముందు నిస్సహాయుడిగా మోకరిల్లారు. అప్పుడు పదవిని, సంపదను వదులుకోవడం తేలికైంది. హజ్‌కు వెళుతున్నానని బయటికి చెప్పి, సిరియా వెళ్లాలని లోపల నిశ్చయించుకున్నారు. ఖలీఫాకు, మిత్రులకు తెలిస్తే వెళ్లనివ్వరని భయం. ఉన్న ఆస్తిని పంచిపెట్టారు. తన ఖర్చుకు, పిల్లల పోషణకు సరిపడా మాత్రం ఉంచారు. మదర్సాలో తన స్థానంలో పాఠాలు చెప్పే బాధ్యతను తమ్ముడు అహ్మద్ అందుకున్నారు. ఇక్కడ నాకు అన్న వైరాగ్యం కన్నా తమ్ముడు చేసిన సాయమే ఎక్కువగా కనిపిస్తుంది. తండ్రి పోయిన రోజు నుంచి పక్కనే ఉన్న తమ్ముడు అన్న మోయలేని బరువును కొంతకాలం తన భుజానికెత్తుకున్నాడు.

జిల్‌ఖాదా మాసంలో, అంటే 1095 నవంబరులో ఆయన బాగ్దాద్ విడిచారు. దమిష్క్‌లో దాదాపు రెండేళ్లు ఏకాంతంలో గడిపారు. ఉమవీ మసీదు మినార్ ఎక్కి తలుపు వేసుకుని పగలంతా అక్కడే ఉండేవారు. బైతుల్ మఖ్దిస్ వెళ్లారు. అల్‌ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సమాధి దగ్గర మూడు ప్రమాణాలు చేసుకున్నారు: పాలకుల సొమ్ము తీసుకోను, పాలకుల కొలువుకు వెళ్లను, పండితులతో వాదాలకు దిగను. ఆయనను జబ్బుపరిచినవి ఏవో ఆయనకు బాగా తెలుసని ఈ మూడూ చూస్తే అర్థమవుతుంది. ఆ తర్వాత హజ్ చేశారు. చివరికి పిల్లల పిలుపులు ఆయనను తూస్‌కు లాక్కొచ్చాయి.

నయం కావడం ఒక్క రోజులో జరగలేదు. ఇంటికి వచ్చాక కూడా సంసార బాధ్యతలు, బతుకుతెరువు చిక్కులు తన ఏకాంతాన్ని చెదరగొట్టేవని, ప్రశాంతత అప్పుడప్పుడు మాత్రమే దొరికేదని, అయినా ఆశ వదలక మళ్లీ మళ్లీ దాని వైపే తిరిగేవాడినని ఆయన రాశారు. అలా సుమారు పదేళ్లు. 40 భాగాల ‘ఇహ్యా’లో ఎక్కువ భాగం ఈ కాలంలోనిదే. పది రోజులు మాత్రలు వాడి, తగ్గలేదని మానేసేవారు ఈ పదేళ్ల లెక్కను చూడాలి.

అందరూ దమిష్క్ వెళ్లలేరు. సంసారం, ఉద్యోగం విడిచి వెళ్లమని ఎవరూ చెప్పరు. నేడు దారులు వేరే ఉన్నాయి. మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అని 2017లో మన దేశంలో చట్టం వచ్చింది. మనోరోగులను గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ ప్రారంభించింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఇక బతకాలని లేదని ఇంట్లో ఎవరైనా అంటే, అది హరామ్ అని గద్దించి లేచిపోకండి. పక్కన కూర్చోండి, పూర్తిగా వినండి, ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి.

1106లో నిజాముల్ ముల్క్ కుమారుడు ఫఖ్రుల్ ముల్క్ గట్టిగా కోరడంతో ఇమామ్ నైషాపూర్ నిజామియాలో మళ్లీ పాఠం మొదలుపెట్టారు. చూడటానికి పాత పనే. కాని అప్పుడు తాను హోదా సంపాదించే విద్యను బోధించాననీ, ఇప్పుడు హోదాను వదిలే విద్యను బోధిస్తున్నాననీ ఆయన తేడా చెప్పారు. ఆయనను ముందూ వెనకా ఎరిగిన అబ్దుల్ గాఫిర్ అనే నైషాపూర్ పండితుడు మొదట ఈ మార్పును నమ్మలేదు. ఒకప్పుడు తెలివితేటల గర్వంతో ఎదుటివారిని చిన్నచూపు చూసిన మనిషి ఇప్పుడు వినయం నటిస్తున్నాడేమో అనుకున్నాడు. పలుమార్లు వెళ్లి, దగ్గరగా పరిశీలించాక అది నటన కాదని రాసిపెట్టాడు.

కొన్నేళ్లకు ఇమామ్ తూస్ చేరుకుని ఇంటి పక్కనే మదర్సా, ఖాన్‌ఖా ఏర్పాటు చేసుకున్నారు. హిజ్రీ 504లో బాగ్దాద్ నిజామియాకు మళ్లీ రమ్మని పిలుపు వచ్చింది. ఒకప్పుడు ఏ ఆసనం మీద మాట ఆగిపోయిందో అదే ఆసనం. ఆయన వెళ్లలేదు. తూస్‌లో తనను నమ్ముకుని 150 మంది విద్యార్థులున్నారనీ, వారంతా బాగ్దాద్ రాలేరనీ, హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సమాధి దగ్గర చేసుకున్న ప్రమాణం ఉందనీ జవాబు పంపారు. ఆఖరి రోజుల్లో అంతటి ఇమామ్ శిష్యుడిలా కూర్చుని సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం పాఠాలు వినేవారు. కొడుకులు మిగల్లేదు, కుమార్తెలే ఉన్నారు. వారి పోషణకు ఇబ్బంది లేనంత ఉండేది. ఎవరు కానుకలు తెచ్చినా తీసుకునేవారు కారు.

హిజ్రీ 505 జమాదిస్సానీ 14, సోమవారం. 1111 డిసెంబరు 18. తెల్లవారుజామున ఆయన వుజూ చేసుకుని నమాజు చేశారు. కఫన్ తెమ్మని అడిగి తీసుకున్నారు. దాన్ని ముద్దాడి కళ్లకద్దుకుని, ఖిబ్లా వైపు కాళ్లు చాపి పడుకున్నారు. సూర్యోదయానికి ముందే కన్నుమూశారు. ఆ చివరి ఘడియల గురించి లోకానికి చెప్పింది తమ్ముడు అహ్మదే. ఇమామ్‌ను తూస్‌లోని తాబరాన్‌లో ఖననం చేశారు.